బోరుకొచ్చిన ఇంజనూ, మా అంబాసిడర్ చరిత్రా

పాత కారున్న ఇంట్లో కాపురం చేసే ఆడవాళ్ళకి "ఇంజన్ బోరుకొచ్చింది" అన్న మాటకి అర్థం చెప్పక్కర్లేదు. ఆ మాట చెవిన పడగానే ఈ నెల చీటీ పాడాలా, పిల్లల ఫీజు కట్టాక ఎంత మిగులుతుంది అని లెక్కలు మొదలవుతాయి. మగవాళ్ళు బానెట్ ఎత్తి లోపలికి చూస్తుంటారు. మనం బీరువా తెరిచి లోపలికి చూస్తుంటాం.

మా ఇంట్లో ఉన్నది 1972 నాటి అంబాసిడర్, మార్క్ టూ. మా మామయ్యగారు 1978లో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం ఆయనది. పుట్టినప్పుడు అది పెట్రోలు కారు. 1986లో ఆయన దానికి మెటాడోర్ వ్యాను డీజిలు ఇంజన్ పెట్టించారు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. పోయిన మాఘమాసంలో పెళ్ళికి వెళ్ళి తిరిగొస్తుంటే వెనకాల నీలం రంగు పొగ. లీటర్లకు లీటర్లు ఇంజన్ ఆయిలు తాగేస్తోంది. పొద్దున్నే సెల్ఫ్ ఎంత తిప్పినా అందుకోదు.

ఇక ఇంట్లో మూడు పక్షాలు. ఉన్న డీజిలు ఇంజన్నే పూర్తిగా విప్పి బాగుచేయించాలని మావారు. నాన్నగారు పెట్టించిన ఇంజన్ అని ఆయన పట్టు. హైదరాబాదులో ఉండే మా మరిది, ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కదా, ఇసుజు ఇంజన్ పెట్టిస్తే కొత్త కారులా పరిగెడుతుంది వదినా అంటాడు. మెకానిక్ మాత్రం, ఆ రెండూ వద్దమ్మా, పెట్రోలు ఇంజన్ మళ్ళీ పెట్టేయండి అన్నాడు. నాకు బోల్టుకీ నట్టుకీ తేడా తెలుసు, అంతకు మించి తెలియదు. కానీ చరిత్ర చదవడం ఇష్టం. అసలు ఈ కారులో ఏ ఇంజన్ ఎప్పుడొచ్చింది, ఎందుకొచ్చింది అని చదువుతూ పోతే నాకు దొరికిన కథ ఇది. తగువు తీరడానికి కూడా ఇదే పనికొచ్చింది కాబట్టి మీకూ చెబుతున్నాను.

అంబాసిడర్‌ని మనం అచ్చమైన దేశీ కారు అనుకుంటాం. తెల్ల అంబాసిడర్, దాని మీద ఎర్ర బుగ్గ, లోపల ఖద్దరు చొక్కా, ఇవి కలిస్తే మన ప్రభుత్వం. కానీ దాని పుట్టిల్లు ఇంగ్లండు. ఆక్స్‌ఫర్డ్ ఊళ్ళో సైకిళ్ళ దుకాణంతో మొదలుపెట్టిన విలియం మోరిస్ అనే ఆయన 1913లో మొదటి కారు తయారుచేసి, దానికి తన పేరూ తన ఊరి పేరూ కలిపి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని పెట్టుకున్నాడు. ఆ పేరుతోనే ఒకదాని తర్వాత ఒకటి చాలా మోడళ్ళు వచ్చాయి. 1956లో వచ్చిన మూడో సీరీస్ ఆక్స్‌ఫర్డ్ మన అంబాసిడర్‌కి కన్నతల్లి.

ఇక్కడ దాన్ని పెంచుకున్నది హిందుస్థాన్ మోటార్స్. బిర్లాల కంపెనీ. 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో మొదలై, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది బెంగాల్లో హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తర్‌పారాకి మారింది. మోరిస్ టెన్ అనే కారు ఇక్కడ హిందుస్థాన్ టెన్ అయింది. మోరిస్ మైనర్ బేబీ హిందుస్థాన్ అయింది. 1954లో రెండో సీరీస్ ఆక్స్‌ఫర్డ్ లాండ్‌మాస్టర్ అయింది. 1957లో మూడో సీరీస్ వచ్చి అంబాసిడర్ అయింది. అత్తింటికొచ్చాక పేరు మార్చడం మన ఆడపిల్లలకే కాదన్నమాట.

అప్పట్లో ప్రభుత్వం విదేశీ కార్లని పూర్తిగా తయారైన రూపంలో దిగుమతి చేసుకోనివ్వలేదు. భాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముతామంటే కూడా 1953 తర్వాత ఒప్పుకోలేదు. ఇక్కడే తయారుచేస్తామన్నవాళ్ళే ఉండాలి అన్నారు. ఫోర్డ్, జనరల్ మోటార్స్ సర్దుకుని వెళ్ళిపోయాయి. మిగిలినవి ముఖ్యంగా మూడు. కలకత్తా వైపు హిందుస్థాన్, బొంబాయిలో ఫియట్ కార్లు చేసే ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. ఎన్ని కార్లు చేయాలో కూడా లైసెన్సులో రాసుండేది. అందుకే కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. మా మామయ్యగారు సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి డబ్బు చాలకపోవడం ఒక కారణమైతే, ఈ ఎదురుచూపులు రెండో కారణం.

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. పుట్టిన దగ్గరనుంచీ ఈ కారు ఇంజన్లు మార్చుకుంటూనే వచ్చింది. ఇంగ్లండులో రెండో సీరీస్ ఆక్స్‌ఫర్డ్‌కి అప్పటి కొత్త రకం 1489 సీసీ ఇంజన్ ఉండేది. మన లాండ్‌మాస్టర్‌కి మాత్రం అంతకు ముందు తరం 1476 సీసీ ఇంజన్ పెట్టారు. దాంట్లో వాల్వులు సిలిండరు పక్కన ఉంటాయి, దమ్ము తక్కువ. మొదటి అంబాసిడర్లు కూడా ఆ పాత ఇంజన్‌తోనే వచ్చాయి. 1959లో గానీ దానికి 1489 సీసీ ఇంజన్ రాలేదు. అందులో వాల్వులు పైన, హెడ్‌లో ఉంటాయి. అంటే కొత్త చీర, పాత జాకెట్టుతో రెండేళ్ళు గడిపిందన్నమాట.

ఆ 1489 ఇంజన్ది పెద్ద వంశం. ఇంగ్లండులో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు 1952లో కలిసిపోయి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. ఆస్టిన్ వాళ్ళు తయారుచేసుకున్న ఇంజన్ల వరసకి బి సీరీస్ అని పేరు. అందులో ఒకటి ఇది. నాలుగు సిలిండర్లు, ఒక్కో సిలిండరు అడ్డం సుమారు 73 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ కిందకీ కదిలే దూరం సుమారు 89. అప్పటి సోకులరాయుళ్ళు నడిపిన ఎంజీఏ స్పోర్ట్స్ కారుకి పెట్టిందీ ఈ 1489 సీసీ రకమే. మా మరిది ఈ మాట విని కాసేపు నోరు మెదపలేదు. మన ఇంటి అరుగంత కారుకీ, ఆ రెండు సీట్ల బుల్లి కారుకీ గుండె ఒకటే.

తర్వాత కథ నడిపింది చమురు. 1973 అరబ్బు ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత ముడిచమురు ధర కొద్ది నెలల్లోనే నాలుగింతలైంది. 1979లో ఇరాన్ విప్లవంతో మళ్ళీ పెరిగింది. మన దగ్గర పెట్రోలు షావుకార్లు వాడేదనీ, డీజిలు లారీలకీ బస్సులకీ రైతులకీ కావలసిందనీ ప్రభుత్వం డీజిలు ధరని బాగా కింద ఉంచింది. ఎనభైల్లో డీజిలు ధర పెట్రోలు ధరలో సగానికి అటూ ఇటూ ఉండేది. పైగా లీటరుకి ఎక్కువ దూరం వస్తుంది. 1980 ప్రాంతంలో హిందుస్థాన్ మోటార్స్ కూడా డీజిలు అంబాసిడర్ తెచ్చింది. మన దేశంలో తయారైన మొదటి డీజిలు కారు అదే. ఆ ఇంజన్ కూడా 1489 సీసీయే, అదే బి సీరీస్ కుటుంబం. కానీ దాని బలం నలభై హార్స్‌పవర్‌కి లోపే. ఎద్దుబండిని దాటుతుంది గానీ ఆర్టీసీ బస్సుని దాటదు అని మామయ్యగారు నవ్వేవారట.

అందుకే సొంత తెలివి చూపించినవాళ్ళు ఊరూరా తయారయ్యారు. బండి బాడీ గట్టిది, బానెట్ కింద ఖాళీ బోలెడు, మరి ఇంకో బండి ఇంజన్ ఎందుకు పట్టదు? మెటాడోర్ వ్యాను ఇంజన్ తెచ్చి, దానికి కొత్త మౌంటింగులు వెల్డింగు చేసి, ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య లేతు మీద ఒక ప్లేటు చేయించి బిగించేవారు. మన విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇది నిత్యం జరిగే పని. మన కథల్లో పరకాయ ప్రవేశం చేయాలంటే రాజులకీ యోగులకీ మంత్రం కావాలి. అక్కడ చైన్ పుల్లీ, వెల్డింగు రాడ్డు చాలు.

మామయ్యగారు ఆ పని ఎందుకు చేశారో ఇప్పుడు నాకు తెలుస్తోంది. ఆయన రోజూ యార్డుకీ, పల్లెలకీ తిరగాలి. నెలకి రెండువేల కిలోమీటర్లకి తక్కువ కాదు. డీజిలు మిగుల్చుతున్న డబ్బుతో మా పెద్ద ఆడపడుచు కాలేజీ ఫీజు కట్టామని మా అత్తయ్యగారు ఇప్పటికీ చెబుతారు. అది సరదా కోసం చేసిన మార్పు కాదు. ఇంటి లెక్క చూసుకుని చేసిన మార్పు.

ఇలాంటి పని మనమే చేశామనుకోకండి. క్యూబా దేశం కథ చదివితే ఇంకా ఆశ్చర్యం. అక్కడ విప్లవానికి ముందు జనం అమెరికా కార్లు కొనుక్కునేవారు. చెవ్రొలే, బ్యూక్, ఫోర్డ్, పెద్ద పెద్ద పడవల్లాంటి కార్లు. 1960లో మొదలైన అమెరికా ఆంక్షలు 1962కి పూర్తిగా బిగిశాయి. కొత్త కార్లూ లేవు, పాతవాటికి స్పేరు పార్టులూ లేవు. ఇంజన్ పాడైతే సోవియట్ రష్యా నుంచి వచ్చిన వోల్గా కారుదో, ఇంకేదైనా డీజిలుదో తెచ్చి పెట్టుకున్నారు. హవానా వీధుల్లో యాత్రికులు ఫోటోలు తీసుకునే రంగురంగుల 1950ల కార్లలో చాలావాటి బానెట్ కింద ఉన్నది వేరే దేశం ఇంజన్. అక్కడ వాళ్ళకి దారి లేక మార్చారు. ఇక్కడ మనం పొదుపు కోసం మార్చాం. రెండుచోట్లా బండి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక అంబాసిడర్ దశ తిరిగింది. చిన్న కారు, తక్కువ పెట్రోలు, ఆడవాళ్ళు కూడా సులువుగా నడపగల స్టీరింగు. దాన్ని తట్టుకోవాలని హిందుస్థాన్ మోటార్స్ జపాను ఇసుజు కంపెనీ ఇంజన్ తెచ్చుకుంది. 1990ల మొదట్లో 1817 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజన్, ఐదు గేర్లతో అంబాసిడర్ 1800 వచ్చింది. అంతకు ముందు ఇదే కంపెనీ కాంటెస్సా అనే పెద్ద కారు తెచ్చి, దానికి పాపం ఆ పాత 1489 ఇంజన్నే పెట్టింది. అంత ఒళ్ళున్న బండిని అది లాగలేక ఆయాసపడేది. దానికీ తర్వాత ఇసుజు ఇంజనే దిక్కయింది. అంబాసిడర్‌కి తర్వాత రెండు లీటర్ల ఇసుజు డీజిలు కూడా వచ్చింది. కానీ కాలం దాటిపోయింది. 2014 మేలో ఉత్తర్‌పారా కర్మాగారం ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ అన్న పేరు 80 కోట్లకి ఫ్రాన్స్ కంపెనీ పెజో చేతికి వెళ్ళింది. కారు లేదు, పేరుకి మాత్రం ధర పలికింది.

ఇప్పుడు మళ్ళీ మా ఇంటి గొడవకి వద్దాం.

ముందు జబ్బేమిటో చెప్పాలి. వైద్యుడు నాలుక చూసినట్టు మెకానిక్ పొగ రంగు చూస్తాడు. నల్ల పొగ అంటే తిండి ఎక్కువై అరగడం లేదని, ఇంధనం పూర్తిగా కాలడం లేదని. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల ఆవిరి ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి లోపలికి నీళ్ళు వెళుతున్నాయని. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిలు కాలుతోందని. సిలిండరు గోడలు అరిగి, పిస్టను రింగులు పట్టు వదిలేసి, కింద ఉండాల్సిన ఆయిలు పైకెక్కి మండుతుందన్నమాట. తర్వాత గేజీ పెట్టి ఒక్కో సిలిండరులో కంప్రెషన్ ఎంతుందో చూస్తారు. మా ఇంజన్‌లో రెండు సిలిండర్లు బాగా పడిపోయాయి. విప్పి చూస్తే క్రాంకు షాఫ్టు మీద కూడా గీతలు పడ్డాయి.

అరిగిన సిలిండరుని మిషను మీద కొద్దిగా వెడల్పు చేసి, దానికి తగ్గ పెద్ద సైజు పిస్టన్లు వేయడాన్నే బోరు చేయడం అంటారు. ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు చేయలేరు. హద్దు దాటితే గోడ పలచబడిపోతుంది. అప్పుడు లోపల స్లీవులు దించాలి. మా డీజిలు ఇంజన్‌కి ఇదివరకే రెండుసార్లు బోరు అయింది. కాబట్టి ఈసారి స్లీవులు, పిస్టన్లు, క్రాంకు గ్రైండింగు, బేరింగులు, డీజిలు పంపు, అన్నీ. మెకానిక్ ఇచ్చిన చీటీ చూసి మావారి పట్టు కొంచెం సడలింది.

నేను బీఏ తెలుగులో చేరినప్పుడు సంధులు చెబుతూ మా మేడమ్ ఒక మాట చెప్పారు. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని లేపేసి ఆ చోట కూర్చుంటుంది. వ్యాకరణంలో ఇది పాత మాటే. రిపేరు చేయడమా, మార్చేయడమా అని ఇంట్లో వాదించుకుంటుంటే నాకు అదే గుర్తొచ్చింది. మావారికి ఇంజన్ మార్చడం ఆదేశంలా కనిపిస్తోంది. నాన్నగారు చేసిన ఏర్పాటుని తీసి అవతల పారేసినట్టు. కానీ నిజానికి ఆ డీజిలు ఇంజన్ కూడా ఒకప్పుడు అలా వచ్చి కూర్చున్నదే కదా? దానికోసం లేచిపోయిన పెట్రోలు ఇంజన్ సంగతి ఎవరికీ గుర్తులేదు. 1986లో షెడ్డువాళ్ళే దాన్ని తీసుకుని బిల్లులో కొంత తగ్గించారట, అంతే.

ఆ సంగతి నాకు ఎలా తెలిసిందంటే, ఆర్.సి. పుస్తకం తీసి చూశాను. ఇప్పటి కార్డులు కాదు, పాత పుస్తకం. మొదటి పేజీలో డాక్టరుగారి పేరు, పెట్రోలు, పాత ఇంజన్ నంబరు. తర్వాత మామయ్యగారి పేరు. ఆ తర్వాత ఎర్ర సిరాతో పెట్రోలు అన్నది కొట్టేసి డీజిలు అని, కొత్త ఇంజన్ నంబరు, పక్కన ఆఫీసు ముద్ర, 1986 తేదీ. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కిందే ఆయన అనుమతి తీసుకుని రాయించారు. అప్పట్లో చాలామంది పట్టించుకునేవారు కాదు. ఆయన పట్టించుకున్నారు. మిర్చి వ్యాపారంలో తూకం ఎలా చూసేవారో, కాగితం కూడా అలాగే చూసేవారు.

ఆ పేజీ చూశాకే మా మరిది ఇసుజు సంగతి తేలింది. ఇప్పుడున్నది 1988 చట్టం. దాని 52వ సెక్షను ప్రకారం కంపెనీ తయారుచేసినప్పటి వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంజన్ మార్చాలంటే ముందే అనుమతి కావాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం గట్టిగా చెప్పింది, కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టరు చేయకూడదని. 1972 కారుకి 1817 సీసీ ఇంజన్ అంటే అనుమతి దొరకడం కష్టం. దొరక్కుండా పెట్టి తిప్పామంటే, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు ముందు అడిగేది ఇంజన్ నంబరే. ఇంట్లో పిల్లల్ని ఎక్కించుకునే బండికి అంత ధైర్యం నాకు లేదు.

ఇంకొకటి కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్ల కోసం వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంచిన బండికి వేరే వరస నంబరు ఇస్తారు. రుసుము ఇరవై వేలు, పదేళ్ళకి చెల్లుతుంది. అలాంటి బండిని రోజువారీ పనులకి తిప్పకూడదు. మా కారుకి వయసు సరిపోయింది, డీజిలు ఇంజన్‌తో మాత్రం ఆ ఊసే ఎత్తలేం. పెట్రోలు ఇంజన్ వెనక్కి పెట్టినా ఇస్తారన్న నమ్మకం పెట్టుకోవద్దన్నాను. కానీ మామూలు రిజిస్ట్రేషన్ కిందే ఉన్నా, కంపెనీ పెట్టిన రకం ఇంజన్ ఉంటే అడిగేవాడికి జవాబు చెప్పడం తేలిక.

మెకానిక్ మాటలో ఇంకో సూక్ష్మం కూడా నాకు నచ్చింది. డీజిలు ఇంజన్ బరువు ఎక్కువ. ముప్పై ఎనిమిదేళ్ళకు పైగా ఆ బరువు మోసి ముందు సస్పెన్షన్ కుంగిపోయింది, స్టీరింగు రాయిలా బిగుసుకుంది. దాని అదురుకి డోర్ల కీళ్ళు, డ్యాష్‌బోర్డు స్క్రూలు ఎన్నిసార్లు బిగించినా వదులవుతాయి. తేలికైన పెట్రోలు ఇంజన్ వస్తే బండికి ఊపిరాడుతుందమ్మా అన్నాడు.

ఇక డబ్బు లెక్క. ఇది నేనే రాసి చూపించాను. ఇప్పుడు ఈ కారు ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే గొప్ప. పండక్కి ఊరు, పెళ్ళిళ్ళు, కోటప్పకొండ తిరునాళ్ళ, అంతే. పెట్రోలు మీద లీటరుకి పది కిలోమీటర్లు ఇస్తే వంద లీటర్లు. లీటరు 110 అనుకుంటే ఏడాదికి 11,000. డీజిలు మీద పద్నాలుగు ఇస్తే 71 లీటర్లు, లీటరు 97 చొప్పున సుమారు 7,000. తేడా నాలుగు వేలు. ఒకప్పుడు నెలకి రెండువేల కిలోమీటర్లు తిరిగిన రోజుల్లో డీజిలు ఒక చదువు చెప్పించింది. ఇప్పుడు ఏడాదికి నాలుగు వేల కోసం ఆ అదురూ, ఆ బరువూ, ఆ రిపేరు ఖర్చూ ఎందుకు? మామయ్యగారే ఉంటే ఇదే లెక్క వేసేవారు అన్నాను. ఆయన పెట్టించిన ఇంజన్ కంటే, ఎందుకు పెట్టించారో ఆ కారణాన్ని గౌరవించడం ముఖ్యం కదండీ అని మావారితో అంటే, ఆయన ఏమీ అనలేదు. కాగితం తీసుకుని మళ్ళీ ఒకసారి కూడిక సరిచూశారు.

అప్పటిదాకా మాట్లాడని మా అత్తయ్యగారు ఒకటే అడిగారు. "ఆ జపాను ఇంజన్ పెడితే గేరు ఎక్కడుంటుంది?" అని. ఇసుజు ఇంజన్‌తో వచ్చే ఐదు గేర్ల బాక్సుకి గేరు రాడ్డు కింద, రెండు సీట్ల మధ్య ఉంటుంది. మా కారుకి స్టీరింగు పక్కనే ఉంటుంది. అందుకే ముందు సీటు సోఫాలా ఒకటే బెంచీ. "మరి ముందు ముగ్గురు ఎట్లా కూర్చుంటారు? మీ ఆడపడుచుల్ని అత్తారింటికి దింపినప్పుడల్లా నేను ఆ మధ్యలోనే కూర్చున్నాను" అన్నారావిడ. ఎన్నో పుస్తకాలు చదివాను గానీ ఆ బెంచీ సీటు మీద కూర్చున్నవాళ్ళ చరిత్ర ఎక్కడా కనబడలేదు. బండి నడిపినవాళ్ళ పేర్లు ఆర్.సి.లో ఉంటాయి. మధ్యలో చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళ దగ్గర టిఫిన్ క్యారియర్ పెట్టుకుని, మోకాళ్ళు గేరుకి తగలకుండా ఒదిగి కూర్చున్నవాళ్ళవి ఉండవు. ఆవిడ అడిగిన ప్రశ్నతో ఇసుజు మాట పూర్తిగా పోయింది. మా మరిది కూడా "అమ్మ సీటు ఉండాలిలే" అన్నాడు.

వెతికితే ఆటోనగర్‌లో ఒక పెట్రోలు అంబాసిడర్ దొరికింది. బాడీ తుప్పు పట్టి అడుగు పోయింది, ఇంజన్ బ్లాకు మాత్రం ఒక్కసారే బోరైంది. కాగితాలు సక్రమంగా ఉన్న బండి, రిజిస్ట్రేషన్ రద్దు కాగితం, బిల్లు అన్నీ ఇస్తామన్నాకే డబ్బిచ్చాం. ముందు అనుమతికి దరఖాస్తు పెట్టి, అది వచ్చాకే ఇంజన్ దించాం. కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేశారు. హెడ్‌లో ఒక ముఖ్యమైన పని చేయించమని నేనే గుర్తుచేశాను, చదివిన చదువు కాబట్టి. ఆ కాలం ఇంజన్లకి వాల్వు కూర్చునే చోటు పోత ఇనుములోనే చెక్కి ఉంటుంది. పాత పెట్రోలులో కలిపే సీసం దానికి పూతలా పనిచేసి అరగనిచ్చేది కాదు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. అందుకని గట్టి ఉక్కు వాల్వు సీట్లు విడిగా వేయించాలి. అలాగే ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతం దాకా కలుస్తోంది, పాతకాలం రబ్బరు పైపుల్ని అది తినేస్తుంది. పైపులు, పంపులోని రబ్బరు పొర కొత్తవి వేయించాం. రేడియేటరు కడిగించాం. మెకానిక్ నా వైపు చూసి "అమ్మగారు ఏ షెడ్డులో పనిచేశారండీ" అని మావారిని అడిగాడు.

ఇంజన్ బిగించి నాలుగు నెలలైంది. కొత్తగా బోరు చేసిన ఇంజన్‌ని బాలింతలా చూసుకోవాలి. మొదటి వెయ్యి కిలోమీటర్లు తరమకూడదు, బరువు వేయకూడదు, మధ్యలో ఒకసారి ఆయిలు మార్చాలి. యాభై దాటనివ్వడం లేదు మావారు. వెనక లారీలు హారన్ కొడుతూనే ఉన్నాయి. తీసేసిన డీజిలు ఇంజన్‌ని ఏం చేయాలో ఇంకా తేలలేదు. గొడౌనులో గోనెసంచి కప్పి ఉంది. మా ఊరి రైతు ఒకాయన బాగుచేయించుకుని పంపుసెట్టుకి పెట్టుకుంటానని అడిగాడు. ఇచ్చేయమని అత్తయ్యగారు, కొన్నాళ్ళు ఉంచుదామని మావారు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత బండి ఉంటే, ఇంజన్ పోయిందని ఎవరైనా అనగానే మూడు సంగతులు అడగండి. ఇప్పుడు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతోంది? కాగితంలో ఏ ఇంజన్ ఉంది, బానెట్ కింద ఏ నంబరు ఉంది? తెచ్చే ఇంజన్ ఎక్కడిది, దాని కాగితం ఏది? ఈ మూడింటికీ జవాబు వచ్చేలోపు ఎవరినీ స్పానరు ముట్టుకోనివ్వకండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే, ఆవిడ ఏ సీట్లో కూర్చునేదో కూడా ఒకసారి కనుక్కోండి.